ఎదురెదురు పుటలు: ప్రాథమికోన్నత తరగతులలో తెలుగు - ఆంగ్ల ద్విభాషాబోధన

ఆంధ్రప్రదేశమునందలి ప్రభుత్వ పాఠశాలలలో 2020-21 విద్యాసంవత్సరము మొదలుకొని ద్విభాషా పాఠ్యపుస్తకములు వాడుకలోనికి వచ్చినవి. గణిత, విజ్ఞానశాస్త్రాదుల పుస్తకమును తెరచినచో ఒక పుటపై ఆంగ్లపాఠమును, దాని కెదుటి పుటపై అదే పాఠము తెలుగునను కానవచ్చును. తొలుత ఆరవ తరగతి వరకు ఈ పద్ధతి యుండెను. పిదప సంవత్సరమునకొక తరగతి చొప్పున పైకి విస్తరించినది. తెలంగాణమునందును 2022-23లో ఒకటి మొదలు ఎనిమిది వరకు గల తరగతులలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టినపుడు ఇట్టి పుస్తకములే ముద్రితములైనవి.

రెండు భాషలు ఒక పుస్తకమునందుండుటయు, రెండు భాషలలో చదువు సాగుటయు ఒక్కటియేనా? ఈ వ్యాసమున మేము విచారింపదలచిన ప్రశ్న ఇదియే. కాదని మా అభిప్రాయము. ఆ రెంటికి నడుమ గల యెడమును పూరింపవలసినవారు ముఖ్యముగా ఉపాధ్యాయులు. వారికి కావలసిన సామగ్రిని సమకూర్పవలసినవారిలో తెలుగుశాఖల పరిశోధకులును ఉన్నారు. ఈ విషయమును ఊరక సిద్ధాంతముగా చెప్పుటకంటె తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వాడుకనుండి ఉదాహరణములతో నిరూపించుట మేలని తలంచితిమి. ఈ మూడును కృష్ణకు పడమటనున్న డెల్టాలోని ఊళ్ళే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా యేర్పడినపుడు రేపల్లె అందు చేరినది. తెనాలి గుంటూరు జిల్లాయందే నిలిచినది. ఒక్క కాలువలనీటితో బ్రతుకు ప్రాంతమే యైనను తెనాలి వర్తకస్థానము, బాపట్ల వ్యవసాయ విద్యాస్థానము, రేపల్లె సముద్రమునకు చేరువ. కావున అచటి పిల్లలు బడికి తెచ్చు మాటలు ఒక్క తీరువి కావు.

పూర్వరంగము

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను మదరాసు రాజధాని కాలమున మొదటి, రెండవ, మూడవ ఫారములనెడివారు. భాషామాధ్యమమును మార్చుటకు ప్రభుత్వములు తరచు ఎన్నుకొనిన మెట్టు ఇదియే. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008లో 'సక్సెస్' అను పథకము క్రింద సుమారు 6,500 ఉన్నత పాఠశాలలలో ఆరవ తరగతినుండి ఆంగ్లమాధ్యమ శాఖలు తెరువబడినవి. తెలుగు మాధ్యమము దాని ప్రక్కనే సాగినది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడులన్నింట ఆంగ్లమాధ్యమమును నిర్దేశించుచు ఉత్తర్వులిచ్చెను. 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర ఉన్నతన్యాయస్థానము వానిని కొట్టివేసెను. ప్రభుత్వము సర్వోన్నత న్యాయస్థానమునకు పోయెను. ఆ సంవత్సరముననే వెలువడిన జాతీయ విద్యావిధానము కనీసము అయిదవ తరగతివరకును, వీలైనచో ఎనిమిదవ తరగతివరకును మాతృభాషలో బోధన సాగవలెనని చెప్పి, గణిత విజ్ఞానశాస్త్రములకు మేలైన ద్విభాషా పుస్తకములు రచింపవలెనని సూచించినది.

వాదము లెట్లున్నను ఫలితము స్పష్టము. 2025లో ఆంధ్రప్రదేశమున పదవ తరగతి పరీక్షకు నమోదైన సుమారు 6 లక్షల మందిలో 5 లక్షలకు మించినవారు ఆంగ్లమాధ్యమమువారు. తెలుగు మాధ్యమమువారు 50 వేల ప్రాంతమున మాత్రమే యుండిరి. కావున 'తెలుగా, ఆంగ్లమా' అను పాత ప్రశ్నవద్దనే నిలిచియుండుట వలన ఉపాధ్యాయునకు ప్రయోజనము స్వల్పము. అతని చేతిలో నేడున్నది రెండు భాషల పుస్తకము. దాని నెట్లు వాడవలెనన్నదే అతనికి కావలసినది.

ద్విభాషావిద్య యననేమి?

ఈ పద్ధతికి ప్రసిద్ధమైన నమూనా అమెరికాలోని స్పానిష్ - ఆంగ్ల విద్య. 1959 విప్లవము తరువాత క్యూబానుండి వలసవచ్చిన కుటుంబములు ఫ్లారిడా రాష్ట్రమున మయామి నగరమున స్థిరపడినవి. అచట కోరల్ వే అను ప్రాథమిక పాఠశాలలో 1963లో స్పానిష్ పిల్లలను, ఆంగ్లపు పిల్లలను చేర్చి బోధన ప్రారంభించిరి. పూట మొదట ఎవరి భాషలో వారికి పాఠము. మధ్యాహ్నము రెండవ భాషలో దానికి బలము చేకూర్చు పాఠము. ఆటపాటలలో ఇరుపక్షముల పిల్లలు కలిసియుందురు. ఒకరి భాష మరియొకరికి పాఠ్యాంశము. తరువాత నీ పద్ధతి అనేక రాష్ట్రములకు వ్యాపించినది. మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సాటియైన తరగతులలో సాంఘికశాస్త్రమునో విజ్ఞానశాస్త్రమునో స్పానిష్ భాషలోనే చెప్పి, తక్కినవానిని ఆంగ్లమున చెప్పుట పెక్కు బడులలో ఆచారము.

కెనడాలో 1965లో మాంట్రియాలు చెంత సెయింట్ లాంబర్ట్ అను చోట ఆంగ్లము మాటాడు పిల్లలకు ఫ్రెంచి భాషలో చదువు చెప్పిరి. ఆ ప్రయోగమును పరిశీలించిన వాలెస్ లాంబర్ట్ అను మనస్తత్త్వవేత్త ద్విభాషిత్వమును రెండు తెరగులుగా విభజించెను. మొదటి భాష చెక్కుచెదరకుండ రెండవ భాష చేరుట యొకటి. రెండవ భాష వచ్చుకొలది మొదటిది జారిపోవుట మరియొకటి. ఒకటి కూడిక, రెండవది తీసివేత. సెయింట్ లాంబర్ట్ పిల్లలకు ఇంట, వీధిని, పత్రికలలో ఆంగ్లమునకు లోటు లేదు. కావున ఫ్రెంచి బోధన కూడికయైనది. ఇంటి భాషకు బడిలో చోటు లేనపుడు తీసివేత జరుగునని లాంబర్ట్ హెచ్చరించెను.

ఈ నమూనాలతో మన తరగతిని పోల్చినచో రెండు భేదములు కనబడును. కోరల్ వే బడిలో రెండు భాషలకును పిల్లలలోనే వక్తలు కలరు. రేపల్లె బడిలో నలుబదిమంది పిల్లలును తెలుగువారే. ఆంగ్లమునకు వారిలో వక్త లేడు. ఆ లోటు తీర్పవలసినవి పుస్తకము, ఉపాధ్యాయుని నోరు మాత్రమే. రెండవ భేదము: అచట ఏ భాషకు ఏ వేళయో, ఏ పాఠమో నిర్ణయము కలదు. ఇచట రెండు భాషలును ఒక్కసారియే కన్నుల యెదుట నిలుచును. దేని నెప్పుడు వాడవలెనో పుస్తకము చెప్పదు.

ఈ మెట్టు ఏల కీలకము?

జిమ్ కమిన్స్ అను కెనడా పండితుడు 1979 ప్రాంతమున ప్రతిపాదించిన భేద మొకటి ఇచట నుపయోగించును. మాటామంతీకి వలయు భాష వేరు, చదువునకు వలయు భాష వేరు. వలస వచ్చిన పిల్లలు మొదటిదానిని సుమారు రెండేండ్లలో పట్టుకొందురు. రెండవదానికి అయిదు మొదలు ఏడేండ్లు పట్టును. అది ఆంగ్లము నిత్యము చెవినిబడు దేశపు లెక్క యన్న సంగతి మరువరాదు. అతడే చెప్పిన మరియొక మాట: ఒక భాషలో దృఢముగా నెలకొనిన భావము రెండవ భాషలోనికి దిగుమతి యగును. ఘనపరిమాణమన నేమో తెలుగున తెలిసిన బాలుడు 'వాల్యూమ్' అను పేరును మాత్రమే నేర్వవలెను; భావము తెలియని బాలుడు రెండింటిని నేర్వవలెను.

అయిదవ తరగతివరకు పాఠములందు పేర్కొను వస్తువులు చాలవరకు కంటికి కనబడునవి. అయిదవ తరగతి దాటినపిమ్మట నిష్పత్తి, పీడనము, బాష్పీభవనము, సమానత్వము వంటి కనబడని భావములు వచ్చును. వాని కింటిలో పేర్లుండవు, లేదా వేరు పేర్లుండును. అందుచేత బాలునకు దాటవలసిన కాలువలు రెండు: ఇంటి తెలుగునుండి పుస్తకపు తెలుగునకు ఒకటి, పుస్తకపు తెలుగునుండి ఆంగ్లమునకు మరియొకటి. ఎదురెదురు పుటలు రెండవ కాలువమీద మాత్రమే వంతెన వేయుచున్నవి. మొదటి కాలువ దాటని పిల్లవానికి రెండు పుటలును సమానముగా పరభాషలే. ఇదియే మా వాదమునకు మూలము.

పారిభాషిక పదములను ఇంటిమాటతో వానికి గల సంబంధమునుబట్టి నాలుగు వర్గములుగా విభజింపవచ్చును.

ఒకటి: ఇంటిమాటయే పుస్తకపుమాట

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో స్థాపితమైనది. 1986లో విడుదలయైన సాంబ మసూరి వరికి బి.పి.టి. 5204 అని పేరు. ఆ మూడక్షరములు బాపట్ల నామమునకు ఆంగ్లమున సంక్షేపము. డెల్టా రైతు ఆ పేరును నిరాయాసముగా పలుకును. ద్విభాషిత్వము అతనికి బడిలో మొదలగునది కాదు.

పంటల ఉత్పత్తిని గూర్చిన పాఠము ప్రాథమికోన్నత తరగతులకు చిరపరిచితము. నారుమడి, ఊడ్పు, కలుపుతీత, నూర్పిడి, తూర్పారబట్టుట అను మాటలు బాపట్ల చుట్టుప్రక్కల పల్లెలలో పిల్లలకు ముందే తెలియును. ఇచట మొదటి కాలువ లేదు. ఆంగ్లమునకు ఒక్క యడుగే. 'విన్నోయింగ్' అను మాటను చెప్పుచు, అందు 'విండ్', అనగా గాలి, యిమిడియున్నదని చూపినచో, కళ్ళమున గాలివాటు చూచి చేటనెత్తువారిని కన్న బాలుడు ఆ పదమును మరువడు. ఈ వర్గపు పాఠములను ముందుగా ఆంగ్లపుటనుండియే చదివింపవచ్చును. అర్థము బాలునియొద్ద సిద్ధముగానున్నది.

ఈ విషయమున తెలుగుశాఖలకు గొప్ప పెట్టుబడి యొకటి కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున 1962లో వ్యవసాయ పదములతోను, 1971లో చేనేత పదములతోను మాండలిక వృత్తిపదకోశములు వెలువడినవి. రైతుల నోటను, నేతగాండ్ర నోటను విని కూర్చిన కోశములవి. వానిని భాషాశాస్త్ర విద్యార్థి చదువును గాని, ఎనిమిదవ తరగతి విజ్ఞానశాస్త్రోపాధ్యాయుని చేతికి అవి అరుదుగా చేరును. ఆ చేర్చుట మన పని.

రెండు: ఇంటిమాట వేరు, పుస్తకపుమాట వేరు

రేపల్లె ప్రాంతపు బాలునికి నీరు ఇగిరిపోవుట తెలియును. చినగంజాము తీరమున ఉప్పు మళ్ళలోనికి సముద్రపునీరు పెట్టి ఎండకు ఇగిర్చి ఉప్పు తీయుటయు కోస్తావారికి క్రొత్తగాదు. వంటయింటిలో కూర ఇగురును; చలికాలమున నెయ్యి పేరుకొనును. పుస్తకము మాత్రము 'బాష్పీభవనము', 'ఘనీభవనము' అనును. ఎదుటి పుట 'ఎవాపొరేషన్', 'సాలిడిఫికేషన్' అనును. బాష్పమనగా కన్నీరని కావ్యములు చదివిన మనకు తట్టును. ఆవిరి యని బాలునకు తట్టదు. అట్టియెడ తెలుగుపుట ఆంగ్లపుటకు వ్యాఖ్యానము కాజాలదు. దానికే వ్యాఖ్యానము కావలెను.

అంతమాత్రమున సంస్కృతపదములను వెడలగొట్టవలెనని మేమనుట లేదు. ఇగురుట, ఆరుట, ఇంకుట అను మూడు క్రియలను ఇంటివారు వాడుదురు. కూర ఇగురును, బట్ట ఆరును, నేలలోనికి నీరింకును. మొదటి రెండింట నీరు ఆవిరియగుచున్నది, మూడవదాన కాదు. ఈ మూడింటిని బల్లమీద వ్రాసి, ఏవి ఒక్క జాతివో బాలునిచేతనే చెప్పించినపిమ్మట 'బాష్పీభవనము' అను పేరు పెట్టినచో ఆ పేరునకు పని యేర్పడును. అనేక క్రియలను ఒక భావము క్రిందికి తెచ్చుటయే పారిభాషిక పదము చేయు మేలు. ఆ పిదప ఆంగ్లపదమును విడదీసి చూపవలెను: 'వేపర్' అన ఆవిరి, బాష్పమన్నను ఆవిరియే. 'క్లోరోఫిల్' అను గ్రీకు సమాసమునకు ఆకుపచ్చ యని యర్థము. 'పత్రహరితము'నకును అదియే యర్థము. 'ఫొటోసింథెసిస్' అన వెలుతురుచే కూర్చుట; 'కిరణజన్యసంయోగక్రియ'యు ఆ భావమునే చెప్పుచున్నది. దీర్ఘసమాసము చూచి బెదరిన బాలునకు, ఆంగ్లపదమును అట్టి సమాసమే యని తెలిసినపుడు రెండింటియెడల భయము తగ్గును. ఇట్టి పదవిభాగము తెలుగు పండితునకు నిత్యకృత్యము. విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు అతనిని అడుగుటకు సంకోచింపనక్కరలేదు.

మూడు: ఇంటిమాటయే ఆంగ్లము

కరెంటు, స్విచ్చి, బల్బు, ఫ్యూజు అనునవి నేడు తెలుగింటి మాటలు. రొయ్యల చెరువులున్న పల్లెలలో ఏరేటరు, ఆక్సిజన్ అను మాటలు పెద్దల నోట పిల్లలు వినుచునే యుందురు. ఈ పాఠములలో 'విద్యుత్ ప్రవాహము' అను తెలుగుపుట మాటయే బాలునకు క్రొత్తది. కావున తెలుగు సులభము, ఆంగ్లము కష్టము అను సామాన్యసూత్రము ఇచట చెల్లదు. దగ్గరనున్న మాటతో మొదలిడుటయే సూత్రము. ఆ మాట యే భాషదైనను సరియే.

అయినను ఒక మెలకువ యవసరము. ఇంటిలో 'కరెంటు పోయినది' యన్నపుడు కరెంటనగా సరఫరా. శాస్త్రమున కరెంటనగా ఆవేశముల ప్రవాహము. బాలుడు మాటను గుర్తించెనని భావము తెలిసినదనుకొనరాదు. 'ప్రవాహము' అను తెలుగుమాట ఇచట మేలుచేయును. కాలువగట్టున పెరిగిన పిల్లవానికి పారుట యననేమో చెప్పనక్కరలేదు. దూరమైన పుస్తకపుపదములోనే దగ్గరి పోలిక దాగియున్నది. దానిని వెలికిదీయు నేర్పు ఉపాధ్యాయునిది.

నాలుగు: మాట యొక్కటే, అర్థము వేరు

వీనిలో మిక్కిలి యపాయకరమైనది ఈ వర్గము. ఇందు బాలుడు తనకు తెలియదని కూడ ఎరుగడు. మామిడిపండు 'వేడి' చేయునని ఇంట వినును. వేడి, ఉష్ణోగ్రత అను భేదము బడిలో వినును. రెండు వేడిమాటలు ఒక్కటి కావని చెప్పువారు లేకున్నచో పాఠము అతని మనసున కలగాపులగమగును.

వర్తకస్థానమైన తెనాలినుండి గణితోదాహరణము లిత్తుము. అప్పు 'నూటికి రెండు' అన్నచో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ యని డెల్టాలో అందరకును తెలియును. పదివేల రూపాయలకు నెలకు 200, ఏడాదికి 2,400. ఏడవ తరగతి పుస్తకము 'రెండు శాతము' అన్నపుడు ఏడాదికి రెండని యర్థము; అసలు అంతే యైనను ఏడాది వడ్డీ 200 మాత్రమే. పన్నెండింతల భేదము. తెలుగుపుటయు ఆంగ్లపుటయు రెండును 'సంవత్సరమునకు' అనియే చెప్పును. తప్పు పుటలలో లేదు. ఇంటి లెక్కను బల్లమీదికి తెచ్చి పుస్తకపు లెక్కతో పోల్చినచో బాలునికి శాతమును బోధపడును, తండ్రి చేసిన అప్పు బరువును బోధపడును. కౌలు రైతు బిడ్డకు ఈ రెండవ యెరుక మొదటిదానికంటె తక్కువది కాదు.

ఇట్లే ఎకరమునకు నూరు సెంట్లు. పాతిక సెంట్లన్నచో పావు ఎకరమని పొలముగట్టున పెరిగినవాడు తడుముకొనకుండ చెప్పును. 0.25 అను దశాంశభిన్నము అతనికి తెలిసిన విషయమే. దానిని అట్లు వ్రాయుదురని మాత్రము తెలియదు. 'సెంటు', 'పర్ సెంట్' అనువానికి మూలమైన లాటిను శబ్దమును, 'శాతము'నకు మూలమైన సంస్కృత 'శత' శబ్దమును ఒక్క మూలభాషనుండి చీలినవని భాషాశాస్త్రము చెప్పుచున్నది. ఇండో-యూరోపియను భాషలను పండితులు రెండుగా విభజించినది ఈ నూరు అను మాట పలుకుబడిని గుర్తుగా గొనియే.

భిన్నములను చదువుటలో మరియొక చిక్కు కలదు. నాలుగింట మూడు అని తెలుగున హారమును ముందు పలుకుదుము. ఆంగ్లమున లవము ముందు. ఒక భాషలో విని మరియొక భాషలో వ్రాయు బాలుడు సంఖ్యలను తారుమారు చేసినచో అది గణితదోషము కాదు, వాక్యక్రమభేదము. కాని 'ముప్పావు' అను మన మాట ఆంగ్లక్రమముననే యున్నది: మూడు పావులు. అచటినుండి మొదలిడినచో 'త్రీ ఫోర్త్స్' అనునది సులభముగా నిలుచును.

వాక్యనిర్మాణము

పదములను దాటి వాక్యమును చూడవలెను. ఆంగ్లమున నిర్వచనము ముఖ్యపదముతో మొదలై, విశేషణవాక్యము వెనుక వచ్చును. తెలుగున విశేషణమంతయు ముందు నడచి, విశేష్యము చివర నిలుచును. క్రియ వాక్యాంతమున నుండును. అందుచేత ఆంగ్లపుటలోని మూడవ పంక్తికి తెలుగుపుటలోని మూడవ పంక్తి సరిపోవదు. పంక్తికి పంక్తి వెదకుకొను బాలునకు రెండు పుటలును చిక్కుముడులగును. అతనికి చూపవలసినది పేరా పేరాకు గల సామ్యము. ఆంగ్లపు నడకను విడువని అనువాదకుడు తెలుగుపుటలో ఏవి, ఏదైతే, అది యని కుంటు నడకలు పెట్టినచో ఆ పుట తెలుగువాని కక్కరకు రాదు. తెలుగుపుటను అనువాదముగా గాక స్వతంత్రరచనగా వ్రాయించుటయే దీనికి మందు. గిడుగు రామమూర్తిగారు బడి పుస్తకముల భాషనుగూర్చి నూరేండ్లక్రిందట లేవనెత్తిన ప్రశ్న ఈ విధముగా మరల మన ముందు నిలిచినది.

పరీక్ష, తలిదండ్రులు

తెలుగుపుటకు అసలైన గండము పరీక్షవలన. సమాధానము ఆంగ్లముననే వ్రాయవలెనన్న నియమమున్నచోట తెలుగుపుట చేతికఱ్ఱ మాత్రమే యగును. కొన్నాళ్ళకు ఉపాధ్యాయుడు దానిని విడుచును, బాలుడు తెరువడు. చదువువారు లేని పుటను శ్రద్ధగా వ్రాయువారును ఉండరు. అటుపిమ్మట కాగితపు ఖర్చు దండుగయని దానిని తొలగించినచో అడ్డుచెప్పుటకు హేతువు మిగులదు. లాంబర్ట్ చెప్పిన తీసివేత ఎవరును తలపెట్టకయే ఈ విధముగా జరుగును.

అయితే తలిదండ్రుల కోరికను తేలిక చేయరాదు. కలిగినవారు రుసుము చెల్లించి తమ బిడ్డలను ఆంగ్లమాధ్యమమున చదివించుకొని, కూలివారి బిడ్డలకు తెలుగు మేలని చెప్పుట న్యాయము కాదని కంచ ఐలయ్యవంటివారు చిరకాలముగా వాదించుచున్నారు. ఆ వాదమున నిజము కలదు. ఆంగ్లము వలదనుట మా యుద్దేశము కాదు. భావము కుదురక వట్టి మాటలు కంఠస్థము చేసిన బాలునకు ఆంగ్లమును రాదు, శాస్త్రమును రాదు. ఆ నష్టము ముందుగా తాకునది ఇంట సాయము చేయువారు లేని కూలివాని బిడ్డనే. అతనికి ఆంగ్లము నిజముగా రావలెనన్నచో తెలుగుపుట సజీవముగా నుండవలెను.

చేయదగినవి

వేల్సుదేశమున కెన్ విలియమ్స్ అను విద్యావేత్త 1994లో ఒక పద్ధతిని వివరించెను. ఒక భాషలో చదివిన దానిని మరియొక భాషలో మాటాడుట, లేక వ్రాయుట. ఆంగ్లమున దీనిని ట్రాన్స్‌లాంగ్వేజింగ్ అందురు. రెండు భాషలను తోచినట్లు కలుపుట యిది కాదు. ఏది యే భాషలో జరుగవలెనో ముందు నిర్ణయించి మార్చుట. ఒక భాషలోని వాక్యమును రెండవ భాషలోనికి మార్చవలెనన్నచో అర్థము తెలియక తీరదు. కంఠస్థము అచట పనికిరాదు. మన పుస్తకమునకు తగిన పద్ధతి యిదియే.

దీనిని మన తరగతికి అన్వయించి నాలుగు సూచనలు చేయుచున్నాము.

మొదటిది: పాఠమునకు ముందు ఉపాధ్యాయుడు ఆ పాఠములోని ముఖ్యపదములను పది పన్నెండిటిని ఏరి, పైన చెప్పిన నాలుగు వర్గములలో దేనికి చెందినవో గుర్తింపవలెను. ఏ పుటతో మొదలిడవలెనో దానివలననే తెలియును.

రెండవది: ఆంగ్లపుట చదివిననాడు చర్చ తెలుగున జరుగవలెను, తెలుగుపుట చదివిననాడు నాలుగు వాక్యములైనను ఆంగ్లమున వ్రాయింపవలెను. వారమునకొక్కసారి ఇవి తారుమారు కావలెను.

మూడవది: పరీక్షలో ఒక్క ప్రశ్నకైనను రెండు భాషలలోను సమాధానము కోరవలెను. మూల్యము స్వల్పమైనను తెలుగుపుటను తెరిపించుటకు అది చాలును. పై పరీక్షలు మన చేతిలో లేకున్నను బడిలో ఉపాధ్యాయుడే పెట్టుకొను చిన్న పరీక్షలు కలవు.

నాలుగవది పరిశోధక విద్యార్థులకు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల గణిత, విజ్ఞానశాస్త్రముల పదములను తీసికొని, ఒక్కొక్కదానికి తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెలలో రైతులు, బెస్తలు, నేతగాండ్రు, వర్తకులు వాడు మాటలను సేకరింపవలెను. మాట దొరకనిచోట దొరకలేదని వ్రాయుటయు విలువగలదే. ఉపాధ్యాయుడు భావమును మొదటినుండి కట్టవలసిన చోటు అదియేనని దానివలన తెలియును. ఇంటిమాట, తెలుగుపుట మాట, ఆంగ్లపుట మాట అను మూడు వరుసలతో పాఠమునకొక కాగితము చొప్పున దానిని ముద్రించి బడులకు పంపవచ్చును. వృత్తిపదకోశములు చూపిన క్షేత్రపద్ధతి మనకు సిద్ధముగానున్నది. క్రొత్తగా కావలసినది ఆ పదములను పాఠములతో ముడివేయుట.

ఒక పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథమునకు తగిన పని యిది. గ్రంథాలయపు బీరువాలో మిగిలిపోక మరుసటి జూను నాటికే తరగతిగదిలో వాడుకకు వచ్చు పని. తెలుగుపుట ఇంకను తెరచియున్న ఈ కొద్ది సంవత్సరములలోనే దీనిని చేయవలెను.